వైన్‌గంగ ఒడ్డు పిల్లవాడు

2016 వేసవి సెలవుల్లో మా అబ్బాయిని కరీంనగర్‌లో ఒక థియేటర్‌కు తీసుకువెళ్లి 'ది జంగిల్ బుక్' చూపించాను. అప్పటికి వాడికి ఏడేళ్లు. త్రీడీ కళ్లద్దాలు వాడి ముక్కు మీద నిలవక మాటిమాటికీ జారిపోతుంటే, నా జడకున్న రబ్బరు బ్యాండు తీసి వాటి వెనక కట్టాను. మోగ్లీ తోడేళ్లతో కలిసి కొమ్మల మీద పరుగెత్తే మొదటి సన్నివేశం పూర్తయ్యీ కాకముందే వాడు నా చెవిలో, "అమ్మా, వీనికి తెలుగు ఎట్ల వచ్చింది?" అని అడిగాడు. డబ్బింగ్ అంటే ఏమిటో ఆ చీకట్లో వివరించే ఓపిక లేక, "మనోడే, అందుకే వచ్చింది" అని ఊరుకోబెట్టాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే వీళ్లది ఏ ఊరు?" అన్నాడు.

మొదటి ప్రశ్నకు అలవోకగా చెప్పేసిన జవాబు సరైనదో కాదో తేల్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. రెండో ప్రశ్నకు మాత్రం కచ్చితమైన జవాబు ఉంది. అది మా ఆసిఫాబాద్ జిల్లా మీదుగానే ప్రవహిస్తుంది.

మోగ్లీతో నా పరిచయం అంతకన్నా పాతది. 1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున వచ్చే కార్టూన్ కోసం మా వీధి పిల్లలమంతా టీవీ ఉన్న ఒకే ఒక్క ఇంటి వరండాలో చేరేవాళ్లం. దాని మొదట్లో వచ్చే హిందీ పాట మాటలకు సగం అర్థం తెలియకపోయినా అందరం గొంతెత్తి పాడేవాళ్లం. బొమ్మలు గీసినవారు జపాన్ వారని, ఆ పాట రాసినది గుల్జార్ అని, బాణీ కట్టినది విశాల్ భరద్వాజ్ అని పెద్దయ్యాక తెలిసింది. జపాన్‌లో గీసి, హిందీలో మాట్లాడించిన ఆ పిల్లవాడిని తెలుగు పిల్లలమైన మేము ఏ అనుమానమూ లేకుండా మావాడే అనుకున్నాం. పిల్లలు ఎంత కొంచెంతోనైనా సొంతం చేసుకోగలరు. వారికి ఆ కొంచెం సరిపోతుందని పెద్దలు తీర్మానించడం మాత్రం వేరే సంగతి.

తెర మీద మోగ్లీగా నిలబడినవారి వరుసను చూస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది. ఆ వరుసలో మొదటివాడైన సాబు దగ్గర కొంచెం ఆగాలి. మైసూరు సంస్థానంలోని కారాపురలో 1924లో ఒక మావటివాడి ఇంట అతను పుట్టాడు. సినిమా తీయడానికి వచ్చిన రాబర్ట్ ఫ్లాహెర్టీ బృందం కంటపడి, 1937లో విడుదలైన 'ఎలిఫెంట్ బాయ్'లో ఏనుగులు కాచే పిల్లవాడిగా నటించాడు. ఇంగ్లండు వెళ్లి ఇంగ్లీషు నేర్చుకుని, అక్కడి నుంచి అమెరికా చేరి, 1942లో జోల్టాన్ కోర్దా దర్శకత్వంలో వచ్చిన 'జంగిల్ బుక్'లో మోగ్లీ అయ్యాడు. నిర్మాత, దర్శకుడు, కళాదర్శకుడు ముగ్గురూ హంగరీ నుంచి వలస వచ్చిన అన్నదమ్ములు. అడవి కోసం కాలిఫోర్నియాలో సెట్లు వేశారు.

ఆ సినిమాను ఈ మధ్య మళ్లీ చూసినప్పుడు నాకు కథకన్నా చర్మాల రంగు ఎక్కువగా కనిపించింది. కథ చెప్పే ముసలి వేటగాడు బుల్దేవ్‌గా మాల్టాలో పుట్టిన జోసెఫ్ కాలేయా నటించాడు. మోగ్లీ తల్లి మెస్సువాగా నటించిన రోజ్‌మరీ డిక్యాంప్ అమెరికన్. ఇద్దరూ ముఖానికి, చేతులకు ముదురు రంగు పూసుకుని భారతీయులయ్యారు. పేరున్న పాత్రలన్నింటిలో తన ఒంటి రంగుతోనే నిలబడినవాడు పద్దెనిమిదేళ్ల సాబు ఒక్కడే. మెస్సువా అతని చెంప నిమిరే సన్నివేశంలో రెండు గోధుమరంగులు పక్కపక్కన పడతాయి. ఒకటి చర్మం, ఇంకొకటి మేకప్ అని నలుపు తెలుపు సినిమాలో అయితే పట్టుకోలేకపోయేవాళ్లమేమో కానీ, ఇది రంగుల సినిమా కాబట్టి తేడా తెలిసిపోతుంది. సాబు 1944లో అమెరికా పౌరుడయ్యాడు. యుద్ధంలో బాంబర్ విమానం తోక భాగంలో కూర్చునే గన్నర్‌గా పనిచేసి పతకాలు పొందాడు. అయినా యుద్ధం తర్వాత హాలీవుడ్ అతనికి ఇచ్చినవి ఎక్కువగా తలపాగా పాత్రలు, అడవి పాత్రలే. అతను 1963లో 39 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఆ తర్వాత అమెరికాలో తీసిన పెద్ద సినిమాల్లో మోగ్లీ పాత్ర భారతీయ మూలాలున్న పిల్లవాడికి మళ్లీ దక్కడానికి 2016 వరకు ఆగవలసి వచ్చింది.

మధ్యలో వచ్చినవాటి గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. 1967 నాటి డిస్నీ కార్టూన్‌లో మోగ్లీకి గొంతు ఇచ్చింది దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ రైటర్‌మాన్ కొడుకు. పాటలు బాగుంటాయి, నేను ఇప్పటికీ కూనిరాగం తీస్తాను. కాకపోతే బోర్నియో, సుమత్రా దీవుల్లో తప్ప మరెక్కడా లేని ఒరాంగుటాన్‌ను తెచ్చి మధ్య భారతదేశపు కోతులకు రాజును చేశారు. మనిషిని కావాలని ఉబలాటపడే ఆ కోతి చేత జాజ్ బాణీలో పాట పాడించడం నల్లజాతి వారిని వెక్కిరించడమేనని అమెరికాలోనే చాలామంది ఆక్షేపించారు. ఆ సినిమా చివర కనిపించే ఊరి పిల్ల నీళ్లు మోస్తూ, పెద్దయ్యాక తాను ఇంట్లో వంట చేస్తానని, నీళ్లకు తన కూతుర్ని పంపిస్తానని పాడుతుంది. పది నిమిషాలైనా తెర మీద లేని ఆడపిల్లకు రెండు తరాల చాకిరీని ఒక్క పాటలో రాసి ఇచ్చేశారు. 1994లో మోగ్లీగా చేసిన జేసన్ స్కాట్ లీ చైనా, హవాయి మూలాలున్న నటుడు. ఆ సినిమాలో కొంత భాగం జోధ్‌పూర్‌లో తీశారు. నటుడు మంచివాడే కానీ, ఆసియావాడైతే చాలు ఎక్కడివాడైనా ఒకటే అన్న లెక్క అందులో కనిపిస్తుంది.

2016లో దర్శకుడు జాన్ ఫావ్రో వేలమంది పిల్లలను చూసి న్యూయార్క్‌లో పుట్టిన నీల్ సేఠీని ఎంపిక చేశాడు. సినిమా అంతా లాస్ ఏంజెలెస్‌లో నీలి తెరల మధ్య తీశారు. చెట్టు లేదు, ఏరు లేదు, జంతువు లేదు. జంతువుల స్థానంలో తోలుబొమ్మలు ఆడించేవారు నిలబడితే, అంతకు ముందు సినిమాల్లో నటించిన అనుభవం పెద్దగా లేని ఆ పిల్లవాడు వాటితో మాట్లాడుతూ సినిమా మొత్తాన్ని మోశాడు. ఒళ్లంతా గీతలు, మోకాళ్ల మీద దుమ్ము, నుదుటి మీద పడే జుట్టు. మా స్కూలు మైదానంలో మధ్యాహ్నం గంట కొట్టాక కనిపించే పిల్లలకూ వాడికీ ఏమీ తేడా లేదు. చనిపోయిన మోగ్లీ తండ్రిగా కొద్ది క్షణాలు కనిపించే రితేశ్ రాజన్ కూడా భారతీయ మూలాలున్నవాడే. మన దేశంలో ఆ సినిమా అమెరికా కన్నా వారం ముందే, ఏప్రిల్ 8న విడుదలై, అప్పటివరకు ఇక్కడ వచ్చిన హాలీవుడ్ సినిమాలన్నింటికన్నా ఎక్కువ వసూలు చేసింది. జంతువులు ముందుకు దూకే దృశ్యాలు చూసి పిల్లలు జడుసుకుంటారని సెన్సార్ వారు దానికి యు/ఎ సర్టిఫికెట్ ఇచ్చారు. మావాడు జడుసుకోలేదు, ఇంటర్వెల్‌లో సమోసా కోసం మాత్రం ఏడ్చాడు.

"కథే కదా, పిల్లవాడు ఎవరైతేనేం?" అని నన్ను అడిగినవారు ఉన్నారు. స్టాఫ్‌రూంలో ఒక సారు ఈ ప్రశ్న మీద నాతో గంటసేపు వాదించారు. ఆయనకు అప్పుడు సరిగా చెప్పలేకపోయినదాన్ని ఇక్కడ చెప్పుకుంటాను. సాహస కథలు అనేవి చాలావరకు సామ్రాజ్యాల కాలంలో పెరిగినవి. వాటిలో దారి తప్పే హక్కు, నిధిని కనుగొనే హక్కు, పొరపాటు చేసి దిద్దుకునే హక్కు తెల్ల దొరకో వాళ్ల అబ్బాయికో ఉంటాయి. మనలాంటివాడు మూట మోస్తాడు, అడుగుజాడలు చూపిస్తాడు, పులి వచ్చినప్పుడు మొదట చస్తాడు. కుటుంబమంతా కలిసి చూసే సినిమాలు ఆ అచ్చునే తీసుకుని రంగులు మార్చుకుంటూ వచ్చాయి. మోగ్లీ ఆ అచ్చుకు లొంగని అరుదైన పాత్ర. మూట మోయవలసినవాడే ఇక్కడ కథానాయకుడు, కొండ ఎక్కేదీ వాడే, తప్పు చేసేదీ వాడే, పులిని చంపేదీ వాడే. అలాంటి ఒక్క పాత్రను కూడా వేరేవారికి ఇచ్చేస్తే ఆ వరుసలో మన పిల్లలకు మిగిలేది ఏముంది?

అయితే ఈ సినిమా వైవిధ్యం గురించి ఇంగ్లీషులో రాసినవారు ముఖ్యంగా మెచ్చుకున్న ఒక విషయం మా కరీంనగర్ థియేటర్‌దాకా రానేలేదు. ఇంగ్లీషులో పులికి ఇద్రిస్ ఎల్బా, తల్లి తోడేలుకు కెన్యా మూలాలున్న లుపీటా న్యోంగో, చిరుతకు తండ్రి వైపు గుజరాతీ మూలాలున్న బెన్ కింగ్‌స్లే గొంతు ఇచ్చారు. రకరకాల దేశాల యాసలు ఒకే అడవిలో వినిపిస్తాయి. తెలుగు డబ్బింగ్‌లో ఆ పొర మొత్తం ఆవిరైపోయింది. పులి, ఎలుగుబంటి, కొండచిలువ అన్నీ ఏ జిల్లాకూ చెందని డబ్బింగ్ తెలుగు మాట్లాడాయి. ఒక సినిమాను వేరే భాషలోకి తెచ్చినప్పుడు గొంతుల వైవిధ్యం ఎగిరిపోయి ముఖాల వైవిధ్యం ఒక్కటే నిలుస్తుందని నాకు అప్పుడే అర్థమైంది. మన పిల్లలకు చేరింది నీల్ సేఠీ ముఖం. అది తక్కువదేమీ కాదు, మా అబ్బాయి వాడిని తెలుగువాడే అనుకున్నాడంటే ఆ ముఖం చేసిన పని అది. తెర వెనక కూడా మనవాళ్లు ఉన్నారు. జంతువుల వెంట్రుకలూ కండరాలూ కదిలేలా చేసిన ఎంపీసీ సంస్థకు బెంగళూరులో స్టూడియో ఉండేది, అక్కడివారూ ఈ సినిమాకు పనిచేశారు. దానికి మరుసటి ఏడాది విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ కూడా వచ్చింది. వాళ్ల పేర్లు తెర మీద పైకి పోతున్న సమయానికి హాల్లో లైట్లు వేసేశారు, మేము చెప్పులు వెతుక్కుంటున్నాం.

ఇక మా అబ్బాయి రెండో ప్రశ్న. వాళ్లది ఏ ఊరు?

రడ్యార్డ్ కిప్లింగ్ ఈ కథలను అమెరికాలోని వెర్మాంట్‌లో మంచు కురిసే ఇంట్లో కూర్చుని రాశాడు. మొదటి పుస్తకం 1894లో, రెండోది 1895లో వచ్చాయి. కథ జరిగే చోటును మాత్రం పేరు పెట్టి చెప్పాడు. అవి సివనీ కొండలు, వైన్‌గంగ నది. నేటి మధ్యప్రదేశ్‌లోని సివనీ జిల్లా అదే, పెంచ్ పులుల అభయారణ్యం ఉన్నది అక్కడే. వైన్‌గంగ ఆ జిల్లాలో పుట్టి దక్షిణంగా మహారాష్ట్రలోకి దిగి, మన సరిహద్దులో వార్ధాతో కలుస్తుంది. కలిసిన తర్వాత ఆ నదికి ప్రాణహిత అని పేరు. అక్కడి నుంచి 113 కిలోమీటర్లు ప్రవహించి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు కోటపల్లి మండలంలోని అర్జునగుట్ట ఘాట్‌కు వెళ్లినప్పుడు, మోకాలి లోతు నీళ్లలో నిలబడి మా అబ్బాయికి ఈ సంగతి చెప్పాను. అప్పటికి వాడికి పదమూడేళ్లు. మోగ్లీ మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. అయినా దోసిట్లోని నీళ్లను వదలకుండా ఒక్క క్షణం పట్టుకుని, "అంటే వాడు తాగిన నీళ్లేనా ఇవి?" అన్నాడు. అవునన్నాను. వెనక క్యూలో ఉన్న పెద్దమ్మ ఒకామె, "మునుగుతవా, ముచ్చట్లు చెప్తవా బిడ్డా" అని నన్ను కసిరింది.

ఆ నది పొడుగునా, సివనీ నుంచి మా ఆసిఫాబాద్ దాకా, పూర్వం నుంచీ ఉంటున్నవారు గోండులు. వారి గోండి తెలుగుకు దగ్గరి బంధువైన ద్రావిడ భాష. 2011 జనాభా లెక్కల్లో గోండి తమ మాతృభాష అని చెప్పినవారు దాదాపు 30 లక్షలమంది. 2016 సినిమా మన దేశంలో ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు భాషల్లో విడుదలైంది. మోగ్లీ నిజంగానే సివనీ అడవిలో తిరిగి ఉంటే, వాడి చెవిన పడే మనిషి మాట గోండి అయ్యే అవకాశమే ఎక్కువ.

కిప్లింగ్‌కు ఆ సంగతి తెలుసు. రెండో పుస్తకంలోని ఒక కథలో, అడవి జంతువులు పంటలను తొక్కి ఊరి మీద పడుతున్నప్పుడు, దేవతలకు ఏ అపచారం జరిగిందో తెలుసుకోవడానికి ఊరివాళ్లు అడవిలో ఉండే గోండు పెద్దను పిలిపిస్తారు. కిప్లింగ్ వారిని ఆ నేలకు మొదటి హక్కుదారులని రాశాడు. ఆ పెద్దమనిషి చేతిలో విల్లు, కొప్పులో విషపు బాణాలతో వచ్చి ఒంటికాలి మీద నిలబడతాడు. భయంతో ఎదురుచూస్తున్న ఊరివాళ్ల వైపు, పాడైపోయిన పొలాల వైపు చూస్తాడు. ఆ తర్వాత పక్కన పాకుతున్న కాకరతీగను తెంపి, గుడిలోని విగ్రహం చూస్తుండగానే గుమ్మానికి అడ్డంగా అటూ ఇటూ అల్లి, ఖాన్హివాడా అనే ఊరికి పోయే దారివైపు చేయి చూపించి అడవిలోకి వెళ్లిపోతాడు. ఒక్క మాట కూడా మాట్లాడడు. ఇక మీ గుళ్లలో కాకరతీగలే పాకుతాయి, బతకాలంటే ఊరు వదలండి అని దాని అర్థం. ఆ పుస్తకంలో నాకు అన్నింటికన్నా ఒళ్లు జలదరించేది ఈ ఒక్క పేజీయే. ఇందులో కూడా రచయిత ఆయన చేత మాట్లాడించలేదని గమనించండి. తోడేలు మాట్లాడుతుంది, కొండచిలువ మాట్లాడుతుంది, గోండు మాట్లాడడు. సినిమాలైతే ఆ మౌనం కూడా ఆయనకు దక్కనివ్వలేదు. నేను చూసిన మోగ్లీ సినిమాల్లో దేనిలోనూ ఆ మనిషి లేడు. 2018లో ఆండీ సర్కిస్ తీసిన సినిమాలో మోగ్లీగా రోహన్ చంద్, మెస్సువాగా ఫ్రీడా పింటో నటించారు. ఊరు, ఊరి మనుషులు, వారి పండగ అన్నీ చూపించారు. దానిని కూడా తీసింది దక్షిణాఫ్రికాలోనూ ఇంగ్లండులోనూ. ఫావ్రో సినిమాలో ఊరు ఎక్కువగా దూరాన మినుకుమనే మంటలుగానే కనిపిస్తుంది. మనుషులను దాదాపుగా తీసేస్తే తప్పుగా చూపించామన్న మాట రాదు, అది ఒక తెలివి. అలా చేస్తే అడవి ఎవరిదీ కాకుండా పోతుంది.

ఇదే కిప్లింగ్ 1893లో రాసిన మరో కథలో పెద్దవాడైన మోగ్లీ తెల్లదొరల అటవీ శాఖలో జీతానికి చేరతాడు. జల్, జంగల్, జమీన్ కోసం కుమురం భీం ప్రాణమిచ్చిన జోడెఘాట్‌కు పిల్లలను ఎక్స్‌కర్షన్ తీసుకువెళ్లే మాలాంటి టీచర్లకు ఆ కథ మింగుడుపడదు. దాన్ని సినిమాగా ఎవరూ తీయకపోవడమే మంచిదయింది.

హాలీవుడ్‌ను తప్పుపట్టే ముందు మన ఇల్లు చూసుకోవాలి. తెలుగు సినిమా హాస్య సన్నివేశాల్లో 'కోయదొర' ఎలా ఉంటాడో మనకందరికీ తెలుసు. నెత్తిన ఈకలు, మెడలో పూసలు, చేతిలో కర్ర, ఏ కోయ ఊళ్లోనూ వినపడని యాసలో మోసపు జోస్యం. అడవిలో పాట పెడితే ఆకుల లంగాలు, ముఖానికి తెల్లచుక్కలు, అర్థం లేని కేకలు. 1942లో కోర్దా సోదరులు చేసినదానికీ దీనికీ ఉన్న తేడా ఒక్కటే, మనం చేసింది మన పొరుగువారి మీద. మా బడిలో చదివే కోయ పిల్లవాడు ఆ హాస్యం టీవీలో వస్తున్నప్పుడు హాస్టల్ హాల్లో ఎక్కడ కూర్చుంటాడో, నవ్వుతాడో లేదో ఆ సినిమాలు తీసినవారు ఎన్నడూ చూసి ఉండరు. నేను చూశాను. వాడు అందరికన్నా ముందు నవ్వుతాడు, ఇతరులు తనవైపు తిరగకముందే.

నేను ఆసిఫాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతాను. మా ఏడో తరగతిలో సగానికి పైగా గోండు పిల్లలు. నిరుడు ఒక శనివారం మధ్యాహ్నం, కిటికీలకు దుప్పట్లు కట్టి, ప్రొజెక్టర్ పెట్టి వారికి ఈ 2016 సినిమా తెలుగులో చూపించాను. ముఖం గురించి, ప్రాతినిధ్యం గురించి వాళ్లేమంటారో వినాలని నోట్‌బుక్ కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. నల్లగా ఉన్నాడనో, మాలాగే ఉన్నాడనో ఒక్కరూ అనలేదు. మొదటి అరగంట పులిని చూసి నోళ్లు తెరుచుకుని కూర్చున్నారు. ఎలుగుబంటి మాయమాటలు చెప్పి మోగ్లీని తేనెకోసం కొండ ఎక్కించే సన్నివేశం రాగానే గది మొత్తం మారిపోయింది.

"పొగ పెట్టకుండ ఎక్కిండేంది టీచర్!" అని ముందు వరుసలోంచి ఒక పిల్ల నిజంగానే కోపంగా అంది. వెనక నుంచి ఇంకొకడు లేచి, పట్టపగలు ఎవడూ తీయడని, వాళ్ల నాయన అమాసకు ముందు చీకటి రాత్రుల్లోనే వెళ్తాడని, వెన్నెల రోజుల్లో పెరలో తేనె ఉండదని చెప్పాడు. ఆకుకట్టకు నిప్పు ఎలా అంటించాలో, మంట రాకుండా పొగ మాత్రమే వచ్చేలా పచ్చి ఆకు ఎక్కడ చుట్టాలో ఇద్దరు చేతులతో చేసి చూపించారు. సినిమా ఆపమని వాళ్లే అడిగారు. ఆపాను. ఇరవై నిమిషాలు ఆ గదిలో నేను తప్ప అందరూ టీచర్లే. తెలుగు వాచకం చదవమంటే తలవంచుకునే ఒక అబ్బాయి, తేనె పెరలో పిల్ల పురుగులున్న భాగాన్ని ఎందుకు వదిలిపెట్టాలో ఆగకుండా చెప్పాడు. మధ్యలో మాట దొరకక గోండిలోకి వెళ్లాడు, పక్కవాడు దాన్ని తెలుగు చేశాడు.

సినిమా అయిపోయాక ముందు వరుస పిల్లే మళ్లీ చేయి ఎత్తింది. ఎలుగుబంటి తేనె తినడం నిజమే కానీ, దానికి అంతకన్నా ఇష్టమైనది ఇప్పపువ్వు అని, వేసవి మొదట్లో తెల్లవారకముందే వాళ్లమ్మ పువ్వు ఏరడానికి వెళ్తే చెట్టుకింద ఎలుగు ఉందేమోనని ముందు ఒక డబ్బా కొడుతుందని చెప్పింది. "ఈ సినిమాల ఒక్క ఇప్పచెట్టు గూడ లేదు టీచర్" అంది.

ఇంటికి వెళ్లి పుస్తకం తీశాను. రెండో జంగిల్ బుక్ మొదటి కథలో, వానలు లేని ఏడాది గురించి చెబుతూ, ఎలుగుబంటి బాలూకు ఎంతో ఇష్టమైన ఇప్పచెట్టు ఆ వసంతంలో పూయలేదని కిప్లింగ్ రాశాడు. వెర్మాంట్ మంచులో కూర్చుని, సివనీ గురించి స్టెర్న్‌డేల్ అనే దొర రాసినవి చదువుకుని కథలు అల్లినవాడికి కూడా ఆ చెట్టు అందింది. భారతదేశపు అడవుల ఫోటోలు తీసుకువెళ్లి ఆకు ఆకునూ కంప్యూటర్‌లో పెంచిన సినిమాకు అది అందలేదు. సోమవారం ఆ వాక్యాన్ని తెలుగులో చెప్పి, మీరు చెప్పిందే ఇందులో ఉందని చూపించాను. ఆ పిల్లకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. నోట్‌బుక్ వెనక పేజీలో అప్పటికే బొమ్మ వేసి ఉంచింది. ఒక ఇప్పచెట్టు, దాని కింద ఎలుగుబంటి, పక్కన గంప పట్టుకుని పువ్వు ఏరుతున్న మోగ్లీ. వాడికి రెండు జడలున్నాయి.